వఫ్రా దారికి నాలుగు టైర్లు

ఈ అరబ్బు దేశంలో, మిష్రిఫ్‌లో నేను డ్రైవరుగా ఉన్న ఇంటి యజమానురాలిని పనివాళ్లందరం మామా అంటాం, అంటే అమ్మా అని. మంచిదే గానీ భయస్తురాలు. మూడేళ్ల కూతురిని తను లేకుండా నా బండి ఎక్కనిచ్చేది కాదు. ఆమె తల్లికి డెబ్బై దాటాయి. ఆ ముసలమ్మ శుక్రవారం దూరాన వఫ్రాలోని తమ తోటకు వెళ్తేనే మనిషయ్యేది. మేకల కొట్టం ముందు కుర్చీ వేయించుకుని కూలీలనూ నన్నూ తిట్టిపోసేది. నిజం చెప్పాలంటే ఆ తిట్లు నాకు ఇష్టం.

మొన్న ఎండాకాలం మొదట్లో వాళ్ల చుట్టాల కారు టైరు ఆ దారిలోనే పగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ మామా హడలిపోయింది.

"ఖలాస్. ఇక వఫ్రా లేదు" అంది.

ముసలమ్మ తిట్టడమే మానేసింది. అన్నం ముందు ఊరికే కూర్చునేది.

మా టైర్లు బాగున్నాయని మామాకు గట్టిగా చెప్పాలని బండిని అల్ రాయ్‌లో టైర్ల షాపుకు తీసుకెళ్లాను. టైరు గీతలు అరక్కుండా ఇంకా లోతుగానే ఉన్నాయని నా ధీమా. అక్కడ పనిచేసే మా రాయచోటి అతను టైరు పక్కభాగం మీద వేలు పెట్టాడు. సన్నటి పగుళ్లు.

"ఈ ఎండలకు రబ్బరు ఎండిపోయిందన్నా. గీతలుండి ఏం లాభం? గాలి కూడా తక్కువుందే."

"ఎండకు పగుల్తాదని నేనే కొంచెం తీసినా."

"భలేవాడివన్నా. గాలి తక్కువైతేనే టైరు కాగి పగిలేది. పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవల్ల."

గాలి తీయడం మా డ్రైవర్లందరం ఒకరికొకరం నేర్పుకున్న తెలివి. నవ్వొచ్చింది.

చెప్పగానే మామా నాలుగూ మార్పించింది. వఫ్రా మాటెత్తితే మాత్రం తల అడ్డంగా ఊపింది. నేనూ మొండివాణ్నే. రోజూ పొద్దున్నే వాకిట్లో, ఆమెకు కనబడేలా, స్టెప్నీతో సహా మీటరు పెట్టి గాలి చూసేవాణ్ని. ముసలమ్మ వచ్చి పక్కన కూర్చునేది. కొన్నాళ్లకు చేతికర్రతో వెనక టైరును పొడిచి, "ఇది చూశావా గాడిదా?" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

చలి మొదలయ్యాక ఒక శుక్రవారం మామా బయటికొచ్చింది.

"స్టెప్నీలో గాలి చూశావా?"

"చూశాను మామా."

లోపలికెళ్లి కూతురిని ఎత్తుకొచ్చింది. వెనక పిల్లల సీటులో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, తలుపు వేసి తను ఎక్కకుండా పక్కకు జరిగింది. ముసలమ్మ అప్పటికే ముందు సీటులో ఉంది.

"యల్లా, పద గాడిదా, మేకలు ఎదురుచూస్తుంటాయి" అంది.