ప్యానెల్‌లో మూడో పేరు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. ఆ సంగతి చెప్పుకోవడం నాకు మహా ఇష్టం. పెళ్లిళ్లలో, బస్సుల్లో, టీ అంగడి దగ్గర, అడిగినా అడక్కపోయినా చెప్పేవాణ్ణి. రిటైరైన రోజు నాకు శాలువా కప్పిన అధికారి కూడా మైకు ముందు అదే మాట అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య నాకు ఒక మనిషి గుర్తొచ్చి తల దించుకున్నాను. చూసినవాళ్లు వినయం అనుకున్నారు.

ఆ మనిషి కోడుమూరులో చర్చివాళ్లు నడిపే ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. ఊళ్లో అందరికీ వార్డెనమ్మే. యాభై దాటిన మనిషి, భర్త లేడు, పిల్లలు లేరు. హాస్టల్లోనే ఒక గది, ఒక ట్రంకుపెట్టె.

నేను రాజంపేట వైపు వాణ్ణి. కర్నూలులో ఒక జిల్లా ఆఫీసులో సూపరింటెండెంటుగా ఉండేవాణ్ణి. ఏ శాఖో చెప్పను, చెప్పినా ఇప్పుడు ఒరిగేదేమీ లేదు. పిల్లల బాగోగులు చూసే జిల్లా బోర్డు ఒకటి మా శాఖ కింద ఉండేది. ఇల్లు వదిలి పారిపోయిన పిల్లలు, చిన్న వయసులో పెళ్లి చేయబోతే తప్పించుకొచ్చిన పిల్లలు, హోటళ్లలో పనికి పెట్టిన పిల్లలు ఎక్కడ ఉండాలో, ఎవరి చేతికి వాళ్లను అప్పగించాలో తేల్చేది ఆ బోర్డే. సభ్యులను ప్రభుత్వం నియమిస్తుంది. గడువు తీరగానే పత్రికలో ప్రకటన, దరఖాస్తులు, పరిశీలన, ఇంటర్వ్యూ, చివర ప్యానెల్. ప్యానెల్ అంటే ఒక్కో ఖాళీకి మూడు పేర్లు పైకి పంపడం. ఆ ముగ్గురిలో ఒకరిని పైవాళ్లు ఎంచుకుంటారు. కాగితం మీద చదివితే ఇంత న్యాయమైన పద్ధతి ఇంకోటి లేదనిపిస్తుంది.

వార్డెనమ్మను నేను మొదటిసారి చూసింది మా ఆఫీసు వరండాలోనే. పెళ్లి పందిట్లోంచి పారిపోయి వచ్చిన ఒక పిల్లను వెంటబెట్టుకొని వచ్చింది. అప్పటి బోర్డు సభ్యులు పిల్లను మేనమామతో పంపేయాలని తొందరపడుతున్నారు. ఆయన ఆటో కూడా పిలిపించి పెట్టుకున్నాడు. వార్డెనమ్మ ఆ పిల్ల చెయ్యి వదల్లేదు.

"పిల్లను ఒక్కదాన్నే కూసోబెట్టి అడగండి సార్. మామ పక్కన నిలబడుకోనుంటే అది ఏం జెప్తాది?"

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే మాట. కోప్పడలేదు, ఏడవలేదు, కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. చివరికి విసుగెత్తి పిల్లను విడిగా అడిగారు. ఆ పిల్ల చెప్పింది విన్నాక మేనమామ ఆటో ఖాళీగా వెళ్లింది. ఆ బోర్డులో ఇట్లాంటి మనిషి ఒక్కరుంటే చాలు కదా అని ఆ రోజే అనుకున్నాను.

అందుకే కొత్త బోర్డుకు ప్రకటన వచ్చినప్పుడు మా అధికారి నన్ను పిలిచి, "నలుగురు మంచోళ్లతో అప్లికేషన్లు పెట్టించప్పా. ఊరికే వచ్చేవాళ్లతో ఏం చేస్తాం" అంటే పొంగిపోయాను. కాలం మారిందనుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు ఆఫీసులో ఉన్నవాడు అంత తేలిగ్గా పొంగిపోకూడదు. పొంగిపోయాను.

ఫోన్ చేస్తే వార్డెనమ్మ ఒప్పుకోలేదు.

"నాకెందుకన్నా అయన్నీ? ఎమ్మెల్యే లెటరు ఉంటేనే ఇస్తారంట గదా."

నాకు కోపం వచ్చింది. "నేనుండగా లెటరేందమ్మా? అంతా రూలు ప్రకారం జరుగుతాది. నువ్వు కాగితాలు తీసుకొని రా, మిగతాది నేను చూసుకుంటా" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు నేనే శానా గొప్పవాడిలా అనిపించాను. ఈ రోజుకీ ఆ గొంతు నాకు వినిపిస్తుంది. వినిపించినప్పుడల్లా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆమె బస్సెక్కి వచ్చింది. సర్టిఫికెట్లు ఒక పాత చీర ముక్కలో చుట్టుకొచ్చింది. దరఖాస్తు నేనే దగ్గరుండి నింపించాను. అందులో ఒక షరతు ఉండేది: పిల్లల సంస్థల్లో జీతానికి పనిచేసేవాళ్లు సభ్యులు కాకూడదు. నిజానికి నియామకం అయ్యాక రాజీనామా ఇచ్చినా సరిపోతుంది. వాళ్ల పాస్టరుగారు కూడా అదే అన్నాడట, పేరు వచ్చినాక చూసుకుందాం లేమ్మా అని. నేనే ఒప్పుకోలేదు. ముందే రాజీనామా చేసి ఆ కాగితం జతపెడితే ఎవడూ వేలెత్తి చూపలేడు, లేకపోతే పరిశీలనలోనే కొట్టేస్తారు అని పట్టుబట్టాను. అతిజాగ్రత్త నాది, నష్టం ఆమెది.

ఆమె రాజీనామా ఇచ్చింది. హాస్టలు ఖాళీగా ఉండదు కదా, పదిరోజుల్లో ఇంకొకామెను పెట్టుకున్నారు. వార్డెనమ్మ ట్రంకుపెట్టె తీసుకొని తమ్ముడి ఇంటి పంచలోకి మారింది. "కొన్నాళ్లే గదన్నా" అంది. అవునన్నాను.

దరఖాస్తుల పరిశీలన నా సెక్షనులోనే జరిగింది. ఒక బండల వ్యాపారి దరఖాస్తు దగ్గర నేను ఆగాను. కడప నాపరాళ్లు తెచ్చి కర్నూలులో అమ్ముతాడు. అధికారంలో ఉన్న పార్టీలో పదవి కూడా ఉంది. ఆ పదవి పేరుతో సహా అతని మొహం ఊళ్లో ప్రతి సర్కిల్లో ఫ్లెక్సీ మీద ఉండేది. పార్టీ పదవుల్లో ఉన్నవాళ్లు బోర్డుకు అనర్హులు. పదవిలో లేమని ప్రతి ఒక్కరూ డిక్లరేషన్ ఇవ్వాలి. అందరి దరఖాస్తుల్లోనూ ఆ కాగితం ఉంది, ఇతని దాంట్లో లేదు.

అధికారికి చూపించాను.

"పెట్టుకోప్పా, తర్వాత తెప్పిస్తాం" అన్నాడు, ఫోను చూసుకుంటూ.

పెట్టుకున్నాను. 'డిక్లరేషన్ జతచేశారా' అన్న గడిలో టిక్కు కొట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకొని కొట్టించలేదు. వార్డెనమ్మ ముందు ఇతనెక్కడ నిలుస్తాడులే అని సర్దిచెప్పుకున్నాను.

ఇంటర్వ్యూ రోజు ఫైళ్లు అందిస్తూ నేనూ గదిలోనే ఉన్నాను. పారిపోయి వచ్చిన పిల్లను మొదట ఏమడుగుతారు అన్నది ప్రశ్న. వ్యాపారి, పిల్లలు దేవుడితో సమానమన్నాడు. వార్డెనమ్మ, "మొదట ఏమీ అడగను సార్. అన్నం పెడతా. తిన్నాక అదే చెప్తాది" అంది. గదిలో ఒకాయన తల కూడా ఊపాడు. నా పంట పండిందనుకున్నాను.

ప్యానెల్ టైపు చేసింది మా సెక్షనే. మొదటి పేరు వ్యాపారిది, రెండోది ఒక లాయరుది, మూడోది వార్డెనమ్మది. వరుసకు అర్థం లేదు, ముగ్గురిలో ఎవరైనా కావచ్చు అని నాకు నేనే చెప్పుకొని ఆమెకు ఫోన్ చేశాను. చెప్పకూడని సంగతి, రహస్యం. చెప్పాను. మరుసటి ఆదివారం వాళ్ల చర్చిలో కృతజ్ఞత ప్రార్థన చేసి బూందీ పంచారట. నాకూ ఒక పొట్లం పంపింది. తిన్నాను.

నెల తర్వాత ఉత్తర్వు వచ్చింది. వ్యాపారి పేరు.

నేను అధికారి గదిలోకి వెళ్లి నిలబడ్డాను. ఏమడగాలో తెలియక, "వార్డెనమ్మది రాలేదు సార్" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఆయన పేరు ప్రకటనకు ముందే ఖాయమైపోయిందప్పా, నీకు తెలీదా? పక్కన రెండు గట్టి పేర్లుండాల గదా. ఆమెను నువ్వు పట్టుకొచ్చింది శానా మంచిపని అయింది. ఆ మూడు పేర్లు చూసి ఎవురూ నోరెత్తలే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద ఎంత మండిందో నా మీద అంతకు రెట్టింపు మండింది. ఒక మనిషి ఉద్యోగం ఊడగొట్టి, ఆ మనిషి మంచితనాన్ని తెచ్చి ఇంకొకడి పేరు పక్కన అలంకారంగా పెట్టింది నేను. దీనికి ఆఫీసు భాషలో 'పారదర్శక ఎంపిక' అని పేరు.

వార్డెనమ్మ వచ్చినప్పుడు నన్ను ఒక్కమాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. బస్టాండు పక్క టీ అంగట్లో కూర్చోబెట్టి, "దీన్ని ఊరికే వదలొద్దమ్మా, పైకి రాద్దాం" అన్నాను. ఆమెకు ఇష్టం లేదు. "వాళ్లకు రాసి గెలుస్తామా అన్నా?" అంది. నేనే మళ్లీ పట్టుబట్టి రాసిచ్చాను. డిక్లరేషన్ లేకుండా దరఖాస్తు ఎట్లా అంగీకరించారు, పార్టీ పదవిలో ఉన్నవాడు సభ్యుడెట్లా అయ్యాడు, ఫైలు తెప్పించి చూడండి అని సూటిగా రెండు పేజీలు. ఫ్లెక్సీ ఫోటో జతపెట్టమన్నాను. నా పేరు మాత్రం ఎక్కడా చెప్పొద్దని రెండుసార్లు చెప్పాను. ఆమె డీటీపీలో కొట్టించి, సంతకం పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులో పంపింది.

ఆ తర్వాత జరిగింది ఆఫీసులో పనిచేసినవాడెవడైనా ముందే చెప్పగలడు. నేనే మరిచిపోయాను. ఆ పిటిషను రాజధానికి పోయింది. అక్కడ ఒక ముద్ర, కిందికొచ్చాక ఇంకో ముద్ర, ఆ తర్వాత మరో ముద్ర, ప్రతి ముద్రలోనూ 'తగు చర్య నిమిత్తం'. ఒక్కరూ ఫైలు తెప్పించుకోలేదు. ఎవరి మీద ఫిర్యాదో ఆ ఆఫీసుకే వచ్చి చేరింది. జవాబు తయారుచేయమని నా టేబుల్ మీదే పడింది. నా వాక్యాలు నాకే ఎదురొచ్చాయి.

అధికారి దాన్ని రెండుసార్లు చదివాడు. "ఇది లోపలి మనిషి రాసిచ్చిండేదప్పా. డిక్లరేషన్ లేదని బయటోళ్లకు ఎట్ల తెలుస్తాది?" అని నా మొహంలోకి చూశాడు. నాకు రిటైర్మెంటుకు ఎనిమిది నెలలుంది. ఆయన పిటిషను నా చేతికిచ్చి ఇంకో ఫైలు తెరిచాడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మూడో రోజు వ్యాపారి మనిషి వచ్చి డిక్లరేషన్ ఇచ్చిపోయాడు. దరఖాస్తుల గడువుకు ముందరి తేదీ వేసి ఉంది. పార్టీ పదవికి అంతకుముందే రాజీనామా చేసినట్లు ఇంకో కాగితం. బయట సర్కిల్లో ఫ్లెక్సీ అట్లాగే ఉంది.

మా ఆఫీసులో ఫైలు పేజీలకు నంబర్లు పెన్సిలుతోనే వేస్తాం. కొత్తగా చేరినవాళ్లు ఎందుకని అడిగితే, తప్పు పడితే దిద్దుకోవడానికి అని చెప్తాం. ఆ రోజు మధ్యాహ్నం నేను రబ్బరు తీసుకొని నలభై ఏడో పేజీ నుంచి చివరిదాకా నంబర్లు తుడిచి, ఆ రెండు కాగితాలు దూర్చి, మళ్లీ వేసుకుంటూ పోయాను. పాత అంకెల ఆనవాలు లేకుండా జాగ్రత్తగా తుడిచాను. పిటిషను రాసినవాడు నేనని ఎవరికీ అనుమానం రాకూడదని, అడిగినదానికంటే శుభ్రంగా చేశాను. ఫైల్లో బొక్క ఎక్కడుందో వాళ్లకు చూపించింది నా పిటిషనే. దాన్ని పూడ్చింది నా చెయ్యే. ఆ పిటిషను పోకపోయి ఉంటే ఆ ఫైలు ఎప్పటికీ లోపంతోనే ఉండేది, ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు పట్టుకునేవాడేమో.

జవాబు కూడా నేనే రాశాను. సదరు సభ్యుడి డిక్లరేషన్ ఫైలులో నలభై ఏడో పేజీలో ఉన్నదని, పరిశీలన సమయంలో సరిచూడబడినదని, అర్జీదారు ఆరోపణ నిరాధారమని. అధికారి ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టాడు. నా పొట్టి సంతకం ఆఫీసు కాపీ మీద మాత్రమే ఉంటుంది, అర్జీదారుకు పోయే కాగితం మీద ఉండదు.

రెండు వారాలకు వార్డెనమ్మ ఆ జవాబు పట్టుకొని వచ్చింది. చేతుల నిండా ఉల్లిపొట్టు మరకలు. మండీలో ఉల్లిగడ్డలు ఏరే పనికి పోతున్నానని చెప్పింది. నేను కళ్లెత్తి చూడలేకపోయాను. ఆమే అసలు సంగతి ఎత్తింది.

"అన్నా, ఆ కాగితం ఉండాదంట. నలభై ఏడో పేజీలో."

"ఊఁ" అన్నాను.

"మనమే తప్పు రాసినాం. పోనీలే, నువ్వు కూడా ఫైలంతా సూసి ఉండవు, నీ తప్పేముంది? నాకు మాత్రం నిద్ర పట్టలేదన్నా. తప్పు చేయని మనిషి మీద పైకి రాసి సంతకం పెట్టినా గదా. నిన్న ఆయన ఇంటికి పోయి క్షమించమని అడిగొస్తి."

నేను టేబుల్ మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టాను.

"ఏమీ అనలేదన్నా. కూసోమని టీ ఇప్పించినాడు. పొరపాటు ఎవురైనా చేస్తారులేమ్మా, నేనేం మనసులో పెట్టుకోను అన్యాడు. మంచోడే. ఆ పిల్లలను బాగానే సూసుకుంటాడులే." గొంతు తగ్గించింది. "నువ్వేం భయపడొద్దు. ఎవురు రాసిచ్చినారని అడిగినాడు. నేనే రాసుకున్యానని చెప్పినా."

సెక్షనులో ఎవరూ లేరు, అందరూ భోజనాలకు వెళ్లారు. ఆ ఫైలు నా వెనక బీరువాలో ఉంది. తీసి ఆమె ముందు పెట్టి, ఆ పేజీ నేను దూర్చిందేనమ్మా అని ఒక్కమాట చెబితే సరిపోయేది. ఆమె జవాబు కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంటూ, ఇంకేమన్నా ఉందా అన్నట్లు నా వైపు చూసింది. కోడుమూరు బస్సు ఎన్ని గంటలకు ఉందో చెప్పాను.