పన్నెండో కార్డు తూకం

తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసిందామె. బజారులో ఆమె పేరు రాళ్ళమ్మ. తూకం రాళ్ళు పరీక్షించే మనిషి కాబట్టి ఆ పేరు కొంత వచ్చింది, గుండె కూడా రాయేనని కొంత వచ్చింది. ఆమె వీధి మలుపు తిరిగిందంటే చాలు, తక్కెళ్ళన్నీ వాటంతట అవే బుద్ధిగా నిలబడతాయని దుకాణదారులు చెప్పుకునేవారు. కొట్టు యజమాని పేరు కూడా అడిగేది కాదు. ముందు రాయి చూసేది, తర్వాతే మనిషి.

పెళ్ళి చేసుకోలేదు. ఆమెకు పదిహేడో ఏట తల్లి పోతే, ఆరేళ్ళ తమ్ముడు చంకెక్కాడు. మళ్ళీ దిగలేదు. చిన్న ఆకారం, గంతులేసే నడక. ఇంట్లో వాడి పేరు పిచిక. పెద్దయ్యాక బిస్కెట్ల అట్టపెట్టెలు అచ్చువేసే ప్రెస్సులో బొమ్మలు గీసే పనిలో చేరాడు. వాడూ పెళ్ళి మాటెత్తలేదు. మేడ మీది రెండు గదుల్లో అక్కాతమ్ముళ్ళిద్దరే.

కార్డులాట ఆమెకు నేర్పింది వాడే. మంత్రగాళ్ళు, రాణులు, వీరులు ఉండే ఆట. ఒక్కో హీరో కార్డు మీద మూడంకెలుంటాయి. రంగంలోకి దించడానికి ఎన్ని మణులు ఖర్చవుతాయి, ఎంత దెబ్బ కొడతాడు, ఎంత దెబ్బ ఓరుస్తాడు. వాటి కింద అతని ప్రత్యేక విద్య, ఆ కింద ఒక్క వాక్యం. మొదటి రోజే ఆమె ఆ అంకెలు చూసి, "ఈ రాణి ఖర్చుకి ఈ దెబ్బ చాలదురా. మోసం," అంది. పిచిక పడీపడీ నవ్వాడు.

ఆ నవ్వే ఆమెకో కొత్త ఉద్యోగం తెచ్చిపెట్టింది. కార్డుల కొట్టు నడిపే ఆవిడకు పిచిక ఆ మాట చెప్పాడు. ఆవిడ పదిహేను రోజులకోసారి నాలుగు పేజీల పత్రిక వేసేది. కార్డులు తయారుచేసే కంపెనీ కొత్త హీరోలను బయటపెట్టినప్పుడల్లా వాటికి పదికి ఇన్ని అని మార్కులు వేసి, కారణాలు రాసే బాధ్యత రాళ్ళమ్మకొచ్చింది. శీర్షిక పేరు 'తూకం'. ఆరేళ్ళలో ఏ కార్డుకూ ఆరున్నర దాటలేదు. కుర్రకారు మొత్తుకునేవారు, అయినా ఆ అంకెలు చూడకుండా ఎవరూ కొత్త కార్డు కొనేవారు కాదు.

మార్కులు వేసేటప్పుడు ఆమె ఒక పని చేసేది. బొమ్మ మీద కాగితం ముక్క కప్పేది. "బొమ్మ చూస్తే మనసు మొగ్గుతుంది. ముల్లు మొగ్గకూడదు," అనేది.

"ఒక్కసారి చూడక్కా, ఎలా గీశాడో," అనేవాడు పిచిక.

"బొమ్మకి మార్కుల్లేవు."

పోయిన ఏడాది వానాకాలంలో జ్వరమని ఆసుపత్రిలో చేరిన పిచిక పదకొండో రోజున పోయాడు. నలభై తొమ్మిదేళ్ళు. మూడు నెలలు 'తూకం' రాలేదు. నాలుగో నెలలో ఆమె మళ్ళీ కలం పట్టింది. మిగిలిన పని అదొక్కటే.

వాడు పోయిన పదకొండు నెలలకు కంపెనీ కొత్త వరుస ప్రకటించింది. మొత్తం పన్నెండుగురు హీరోలు, రోజుకొకరు, పొద్దున పదకొండు గంటలకు. కొట్టావిడ వాటిని అచ్చుతీసి ఇచ్చేది. ఈసారి ఆమెకు పెద్ద మిషను వచ్చింది, అచ్చులు కాస్త పెద్దవిగా పడ్డాయి. అందుకని మొదటి కార్డు, వంతెన కావలివాడు, చేతికొచ్చినప్పుడు రాళ్ళమ్మ కాగితం ముక్క బొమ్మను పూర్తిగా కప్పలేకపోయింది. ఒక పక్క వేలెడు మేర బయటికి కనబడింది.

అక్కడ ఒక కిటికీ ఉంది. నాలుగు ఊచలు. మూడోది ఎడమకు వంగి ఉంది.

ఆమె తల తిప్పి వంటగది కిటికీ వైపు చూసింది. నాలుగు ఊచలు. తొమ్మిదేళ్ళప్పుడు పిచిక తల ఇరికించుకుంటే, బయటికి లాగడానికి ఆమే మూడో ఊచను ఎడమకు వంచింది. ప్రపంచంలో వంగిన ఊచలకేం తక్కువ అనుకుని, కావలివాడికి అయిదు వేసి పక్కన పెట్టింది.

రెండో రోజు తాళాల మంత్రగాడు. కాగితం అంచున ద్వారబంధం కనబడింది. దాని మీద ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు. ఆమె లెక్కపెట్టింది. ఏడు. అయిదో గీతకూ ఆరో గీతకూ మధ్య జాగా ఎక్కువ. పిచికకు టైఫాయిడు వచ్చిన ఏడాది కొలవడం మరిచిపోయింది. ఇంట్లో ద్వారబంధం దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి చూడాలనిపించింది. వెళ్ళలేదు. వెళ్తే లెక్క సరిపోతుందని తెలుసు.

నాలుగో రోజు కార్డు పేరు తక్కెడ దొరసాని. ఆమె కాగితం తీసేసింది. ఆరేళ్ళలో అదే మొదటిసారి. బల్ల ముందు కూర్చున్న ఒక ఆడమనిషి, ముఖం అటు తిరిగి ఉంది. చేతిలో తక్కెడ. ఎడమ మణికట్టు మీద అర్ధచంద్రం లాంటి కాలిన మచ్చ. రాళ్ళమ్మ చీర కొంగుతో తన మణికట్టు మీది అలాంటి మచ్చనే కప్పుకుంది, ఎవరో చూస్తున్నట్టు. అప్పుడు కింది వాక్యం చదివింది.

'తూచింది చాల్లే అక్కా, ఆడు.'

ప్రతి సాయంత్రం, ఆమె తన వంతుకు లెక్కలు వేస్తూ కూర్చుంటే, పిచిక విసుగెత్తి అనే మాట. అచ్చు అదే మాట. గదిలో ఎవరూ లేరు. అయినా ఆమె వెనక్కి తిరిగి చూసింది.

ఆ మధ్యాహ్నమే కొట్టుకు వెళ్ళింది. "ఈ బొమ్మలు గీసిందెవరమ్మా?"

"మీరు బొమ్మల గురించి అడుగుతున్నారా!" కొట్టావిడ కళ్ళు పెద్దవి చేసింది. "పేరు వెయ్యరండీ. మూలన చూడండి, చిన్న గుర్తు. పిట్ట కాలిముద్రలా మూడు గీతలు. ఆరేళ్ళ నుంచీ మంచి బొమ్మలన్నీ అతనివే. మావాళ్ళు పిచిక్కాలు అని పిలుచుకుంటారు."

రాళ్ళమ్మ బల్ల అంచు పట్టుకుంది. "కొంచెం మంచినీళ్ళివ్వు," అంది.

మర్నాడు బస్సెక్కి కంపెనీ ఆఫీసుకు వెళ్ళింది. మూడు గంటల ప్రయాణం. రెండో అంతస్తులో బొమ్మల విభాగం చూసే అమ్మాయి, మెడలో కళ్ళజోడు వేలాడేసుకుని, ఎదురొచ్చింది. ఈమెను చూడగానే ఆగిపోయింది.

"మీరు... వాళ్ళ అక్కగారు కదూ? మణికట్టు చూసి గుర్తుపట్టాను. ఎప్పటికైనా వస్తారనుకున్నాను."

గోడ నిండా 'తూకం' ముక్కలు అతికించి ఉన్నాయి. ప్రతి మార్కు చుట్టూ ఎర్ర సున్నా. ఒకచోట మూడున్నర పక్కన పిచిక చేతిరాత: 'చంపేసిందిరా బాబూ!'

"మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారండీ. ప్రెస్సులో మధ్యాహ్నాలు కూర్చుని మాకు గీసేవారు," అంది అమ్మాయి. "ఈ వరుసకైతే అంకెలూ, విద్యలూ కూడా ఆయనే రాశారు. 'మా అక్క బొమ్మ చూడదు, అంకెలే చూస్తుంది. అంకెలతోనే పడగొడతా. ఒక్క కార్డుకి ఏడు వేయించుకున్నానంటే కుంచె కింద పెట్టేసి హాయిగా నిద్రపోతా' అనేవారు. ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు పదకొండు బొమ్మలు ఇచ్చి వెళ్ళారు."

"పదకొండా? పన్నెండుగురన్నారుగా?"

అమ్మాయి సొరుగు తీసి ఒక కవరు బల్ల మీద పెట్టింది. "ఇది ఇరవై రోజుల కింద పోస్టులో వచ్చింది. ఆయన రాతే. ఇంట్లో దొరికితే మీరే పంపారనుకున్నాం."

"నేను పంపలేదమ్మా."

ఇద్దరూ ఆ కవరు వైపు చూశారు. పోస్టు ముద్ర అలికినట్టుంది. ఏ ఊరిదో, ఏ తేదీదో తెలియలేదు.

లోపలి కార్డు పేరు 'వెళ్ళనివాడు'. బొమ్మలో గోడ వైపు తిప్పిన కుర్చీ, అందులో ఒక మగమనిషి వీపు. పక్క గుమ్మంలోంచి వంటగది, అక్కడ పొయ్యి దగ్గర నిలబడి పళ్ళెంలో తింటున్న ఆడమనిషి.

వాడు పోయిన వారానికి, ఖాళీ కుర్చీని చూడలేక రాళ్ళమ్మే దాన్ని గోడ వైపు తిప్పేసింది. ఆనాటి నుంచీ బల్ల దగ్గర కూర్చోలేక పొయ్యి పక్కనే నిలబడి నాలుగు ముద్దలు మింగుతోంది. తలుపు గడియ వేసే తినేది. ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు?

కింద విద్య రాసి ఉంది: 'ఇతన్ని చేతిలోంచి దించడం కుదరదు. ఆటలోంచి పోయిన కార్డుల గుట్టలోంచి మాత్రమే లేస్తాడు. లేచిన ప్రతిసారీ బలం ఒకటి తగ్గుతుంది.'

"మీకు భయంగా ఉందా అండీ?" అమ్మాయి మెల్లగా అడిగింది.

"తూచాలి," అంది రాళ్ళమ్మ. "అచ్చు ఒకటివ్వు."

మూడు మధ్యాహ్నాలు నేల మీద కార్డులు పరిచి ఇద్దరి చేతులూ తనే ఆడింది. ఎదురుగా కుర్చీ వీపు తిప్పుకుని ఉంది. వెళ్ళనివాణ్ణి మొదట చవక ఎత్తు అనుకుంది. తొమ్మిదో ఆటలో తెలిసింది వాడి గొప్ప. ఓడిపోతున్న చేతికి సరిగ్గా ఒక్క వంతు ఊపిరి పోస్తాడు, అంతకు మించి అడగడు. ఖర్చుకు తగ్గ దెబ్బ, దెబ్బకు తగ్గ శిక్ష. ఎక్కడా మోసం లేదు. ముల్లు ఏడు దాటి, ఏడున్నర దగ్గర నిలబడింది.

కలం తీసింది. ఏడున్నర అని రాయబోయి ఆగింది.

ఏడు వేస్తే వాడు కుంచె కింద పెట్టేస్తాడు.

ముప్పై నాలుగేళ్ళలో ఎందరు ఏడ్చినా, ఎందరు కాళ్ళు పట్టుకున్నా, ఒక్క గ్రాము వదలని చెయ్యి ఆమెది. ఆ చేతితోనే 'ఆరున్నర' అని రాసింది. ఆ తర్వాత చాలాసేపు ఆ కాగితం వైపు చూడలేకపోయింది.

పత్రిక వచ్చింది. కొట్టులో గోల. "ఇంత మంచి కార్డుకి ఇంతేనా! రాళ్ళమ్మగారికి చూపు మందగించింది," అన్నారు కొందరు.

పత్రిక వచ్చిన అయిదో రోజు ఉదయం పోస్టు తెచ్చే ఆమె కవరు ఇచ్చి వెళ్ళింది. మీద ఇంటి చిరునామా. రాత పిచికదే. నిలబడే చించింది. లోపల ఒక్క బొమ్మ, అంకెలు లేవు, పేరు లేదు. బయటికి లాగుతుంటే బొటనవేలికి చల్లగా తగిలింది. వేలు తిప్పి చూసుకుంది. నల్లగా ఉంది.

సిరా ఇంకా ఆరలేదు.

ఆమె బొమ్మను బల్ల మీద పరిచి ఫ్యాను వేసింది. ఆరేదాకా పక్కనే కూర్చుంది. అప్పుడు గానీ అది బల్ల దగ్గరి కుర్చీ అని, తను కూర్చున్నానని తెలియలేదు.

బొమ్మలో అదే మనిషి, ఈసారి పక్క నుంచి. పలక మీదికి వంగి గీస్తున్నాడు. తల వాలిపోతోంది. గీతలు వణికాయి. భుజం ఒకచోట రెండుసార్లు గీసి వదిలేసినట్టుంది. కుర్చీకి మూడు కాళ్ళే ఉన్నాయి, నాలుగోది గీయడానికి ఓపిక లేకపోయినట్టు. ముఖం పిచికదే, కానీ నలభై తొమ్మిదేళ్ళది కాదు. ఆమె తనిఖీకి పొరుగూళ్ళు వెళ్ళి ఆలస్యమైన సాయంత్రాల్లో, అక్క వచ్చేదాకా పడుకోనని పలక పట్టుకుని కూర్చుని, రెప్పలు వాలిపోతుంటే వేళ్ళతో విడదీసుకునే ముఖం.

"అయ్యో నాన్నా," అంది ఆమె. "నీ చేత పని చేయిస్తున్నానా నేను."

కాగితం తీసుకుని అప్పటికప్పుడు నాలుగు వాక్యాలు రాసింది. చదివి వినిపించింది కూడా, ఎవరికైతేనేం, గొంతు ఎత్తి:

"పోయిన సంచికలో 'వెళ్ళనివాడు' కార్డుకు నేను వేసిన ఆరున్నర తప్పుడు తూకం. తప్పు కార్డుది కాదు, తూచిన చేతిది. తెలిసే వేశాను. సరైన తూకం ఏడున్నర."

కాస్త ఆగి, రాయని మాట ఒకటి కలిపింది. "బొమ్మలు బాగున్నాయిరా పిచికా. అన్నీ చూశాను. ఇక పడుకో."

ఫ్యాను గాలికి బొమ్మ అంచు ఒకసారి లేచి పడింది. అంతే.

కొట్టావిడ ఆ సవరణ చదివి, "మీరెప్పుడూ దిద్దుకోలేదు కదండీ, ఈసారేమైంది?" అని అడిగింది.

"తక్కువ తూచాను. వెయ్యమ్మా," అంది రాళ్ళమ్మ.

సంచిక వచ్చాక కూడా కొన్నాళ్ళు పోస్టు వేళకు ఆమె గుమ్మంలో నిలబడేది. వస్తే భయం, రాకపోతే దిగులు. ఏమీ రాలేదు. రెండు నెలలకు బొమ్మల విభాగం అమ్మాయి ఫోను చేసింది.

"అక్కడికేమైనా వచ్చిందా అండీ?"

"లేదమ్మా. అక్కడికో?"

"ఇక్కడికీ రాలేదు."

అవతల అమ్మాయి ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. ఈమె కూడా వదిలింది. అది ఉపశమనమో, మరొకటో, ఇద్దరిలో ఎవరూ చెప్పలేకపోయారు. కొత్త వరుసలో పదిమంది హీరోలు వస్తున్నారని, గీస్తున్నది వేరే చెయ్యి అని అమ్మాయి చెప్పింది. పంపమంది రాళ్ళమ్మ.