కిష్టమ్మ తెప్పెక్కిన రోజు

గోపన్‌పల్లి పెద్దచెరువు మధ్యలో ఒక గుట్ట ఉండేది. నాలుగు బండలు, కొన్ని ఈతచెట్లు, వాటి మీద వాలే కొంగలు తప్ప అక్కడ చెప్పుకోదగ్గదేమీ లేదు. ఎండాకాలంలో గొర్రెలు నడిచే వెళ్లి మేసి వచ్చేవి. వానలు పడి చెరువు నిండితే మాత్రం అది దీవి అయిపోయేది. అప్పుడు చేపలు పట్టే ఎల్లేశం తెప్ప ఒక్కటే దానికి దారి. పంతొమ్మిది వందల డెబ్బై అయిదులో, చెరువు అలుగు పోస్తున్న రోజుల్లో, మంత్రసాని కిష్టమ్మ ఆ గుట్ట మీద ఒక పగలంతా కూర్చుని వస్తానని ఇంట్లో ప్రకటించింది.

ఆమె భర్త మొగిలి ఊళ్లో గడ్డాలు గీసే మనిషి. కత్తికి సాన పెడుతున్నవాడు కాస్తా ఆగి ఆమె మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో భార్య సరదాగా ఫలానా చోటికి పోదామని అనగా అతను వినలేదు.

"పండుగ లేదు, పబ్బం లేదు. గా గుట్ట మీద నీకేం పనే?" అన్నాడు.

పని ఉంది. ఆ పని కోడలు వీరలక్ష్మి కోసం. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆ పిల్ల అత్త వెంట పురుళ్లకు తిరిగి విద్యంతా పట్టింది. బొడ్డు కోయడం వచ్చు, అడ్డం తిరిగిన బిడ్డను పైనుంచే మెల్లగా సర్దడం వచ్చు, నొప్పులు పడే మనిషికి ధైర్యం చెప్పడం అత్త కంటే బాగా వచ్చు. కానీ ఊరు ఆమెను చెయ్యి పెట్టనిచ్చేది కాదు. వీరలక్ష్మికి పిల్లలు లేరు. కడుపు పండని మనిషి చెయ్యి పురిటి బిడ్డ మీద పడకూడదట. నీళ్లు కాచి అందించడానికీ, మైలగుడ్డలు ఉతకడానికీ మాత్రం అదే చెయ్యి చక్కగా పనికొచ్చేది. ఈ న్యాయం ఎవరు చెప్పారో గానీ, వాళ్లు బట్టలు ఉతికే మనుషులు కాదని మాత్రం చెప్పగలను.

అది చాలదన్నట్టు, ఆ మధ్య ఒక పురుట్లో బొడ్డు కోయబోతుంటే కిష్టమ్మ చెయ్యి వణికింది. వీరలక్ష్మి చప్పున ఆ చేతి కింద తన చెయ్యి ఆనించింది. ఇంకెవరూ చూడలేదు. ఆ రోజు నుంచీ కిష్టమ్మకు కంటి మీద కునుకు లేదు. తన చెయ్యి పూర్తిగా పడిపోయే లోపు కోడలి చేతిని ఊరు ఒప్పుకోవాలి. లేకపోతే ఏదో ఒకనాడు ఒక తల్లో బిడ్డో తన చేతుల్లోనే పోతారు. అందుకు ఒక్కటే దారి కనిపించింది. ఒక్క పురుడు వీరలక్ష్మి ఒంటరిగా పొయ్యాలి, ఆ వేళకు తాను దొరకకూడదు.

దొరకకుండా ఉండటం మాటలా? తెల్లాపూర్‌లో చెల్లెలింటికి పోతే ఎడ్లబండి కట్టుకొని వచ్చారు. కూకట్‌పల్లిలో చుట్టాల పెళ్లికి పోతే సైకిలేసుకొని వచ్చి, విస్తరి ముందు నుంచి లేపి మరీ తీసుకుపోయారు. నేల మీద ఎక్కడున్నా ఊరు ఆమెను వదిలేది కాదు. నీళ్లలో ఉన్న గుట్ట అలా గుర్తుకొచ్చింది.

ఇక ఏర్పాట్లు మొదలుపెట్టింది. ఎల్లేశం ముందు నసిగాడు. ఊరికి మాట పడాల్సి వస్తుందని అతని భయం. నీ పిల్లలందర్నీ ఎవరు చేతుల్లోకి తీసుకున్నారురా అని ఒక్క మాట అడిగేసరికి తెప్ప తయారైంది. పైగా, తనను దించి వెనక్కి వచ్చేది లేదని, పొద్దు వాలేదాకా తెప్ప గుట్ట దగ్గరే ఉండాలని షరతు పెట్టింది. అడిగిన వాళ్లందరికీ గుట్ట మీద గంగమ్మకు మొక్కు ఉందని చెప్పింది. అక్కడ గంగమ్మ ఉందని అంతకుముందు ఎవరికీ తెలియదు, గంగమ్మకు కూడా.

పురుడు ఎవరిదన్నది అన్నిటికంటే ముఖ్యం. కిష్టమ్మ పదిసార్లు ఆలోచించి సక్కుబాయి కోడలు భూలక్ష్మిని ఎంచుకుంది. భూలక్ష్మికి ఇది మూడో కాన్పు, మొదటి రెండూ ఇబ్బంది లేకుండా అయ్యాయి, బిడ్డ తల కిందికి దిగి సరిగ్గా ఉంది. సక్కుబాయి సంగతి వేరు. గొడ్రాలి చెయ్యి అన్న మాట ఊళ్లో అందరి కంటే గట్టిగా అనేది ఆమే. ఆ గడప దాటితే ఊళ్లో మరే గడపా వీరలక్ష్మికి అడ్డం రాదు. ఒక సాయంత్రం భూలక్ష్మి పొట్ట తడిమి చూసి, రేపు నొప్పులు వస్తాయని కిష్టమ్మ మనసులోనే తేల్చుకుంది. ఇంటికొచ్చి జొన్నరొట్టెలు చేసి మూట కట్టింది.

వీరలక్ష్మి పొయ్యి దగ్గర తల వంచుకుని కూర్చుంది.

"నాకు భయమైతుంది అత్తమ్మా."

"నాకు గిప్పటికీ అయితది. భయమైతే కానియ్యి, చెయ్యి మాత్రం ఆగొద్దు," అంది కిష్టమ్మ. బిడ్డ అడ్డం తిరిగినా, నెత్తురు ఆగకపోయినా కట్ట మీది తుమ్మచెట్టుకు పచ్చచీర కట్టించమని, అది కనిపించిన మరుక్షణం వచ్చేస్తానని చెప్పింది. ఇంకెవరు వచ్చి ఎంత మొత్తుకున్నా రానని కూడా చెప్పింది.

మర్నాడు పొద్దున్నే తెప్పెక్కింది. ఈతచెట్టు నీడలో కూర్చుని చుట్టూ చూస్తే నీళ్లు, వాటి అవతల కట్ట, కట్ట వెనక ఊరి కప్పులు. ఎవరూ పిలవని చోట కూర్చోవడం ఆమెకు అదే మొదలు. కాసేపు హాయిగానే ఉంది. తర్వాత ఏం చేయాలో తోచక కొంగలను చూసింది, రొట్టె తుంచింది, తినకుండానే మళ్లీ మూట కట్టేసింది.

పొద్దెక్కాక కట్ట మీద సక్కుబాయి కనిపించింది. వెనక ఇద్దరు పాలేర్లు.

"కిష్టమ్మా, నా కోడలికి నొప్పులొస్తున్నయ్. తెప్పెక్కి జల్ది రా."

"నా మొక్కు తీరలేదు సక్కుబాయమ్మా. నా కోడలు ఇంట్లనే ఉన్నది, పిలుచుకో."

నీళ్ల మీద మాట స్పష్టంగానే వినిపిస్తుంది. సక్కుబాయి తిట్టిన తిట్లూ అంతే స్పష్టంగా వినిపించాయి. అవి రాయడానికి వీల్లేనివి. తర్వాత ఆమె గొంతు మారింది. బతిమాలింది, నీ కాళ్లు మొక్కుతానంది. తిట్లకు చలించని కిష్టమ్మ ఆ మాటకు తనకు తెలియకుండానే లేచి నిలబడింది. ఎల్లేశం గడకర్ర అందుకున్నాడు.

తుమ్మచెట్టు కేసి చూసింది. చీర లేదు.

"కూసో ఎల్లేశం," అని తానూ కూర్చుంది. కూర్చుంది గానీ, భూలక్ష్మికి ఏమైనా అయితే ఊరిలోకి ఏ మొహం పెట్టుకొని పోవాలి అన్న భయం పట్టుకుంది. ఊరి సంగతి అటుంచి, తన మొహం తాను ఎలా చూసుకోవాలి? సక్కుబాయి వెళ్లిపోయింది. ఆ తర్వాత కట్ట మీద ఎవరూ లేరు. కిష్టమ్మ ఆ పగలంతా చెట్టు మీది నుంచి చూపు తిప్పలేదు. ఒళ్లో ఉన్న చేతులు రెండూ వాటంతట అవే కదులుతూ ఉన్నాయి, ఎవరినో పట్టుకుంటున్నట్టు, మెల్లగా లాగుతున్నట్టు.

ఎండ పచ్చబడే వేళకు ఒక మనిషి కట్ట దిగి నీళ్ల దగ్గరికి వచ్చింది. గుడ్డల మూట రాయి మీద పెట్టి, మునిగి స్నానం చేసింది. పురుడు పోసిన మంత్రసాని ఇంటికి పోయే ముందు చెరువులో మునగడం రివాజు. కిష్టమ్మ ఒక్క ఉదుటున లేచింది. నీళ్ల అంచుదాకా పరుగెత్తింది.

"ఆడపిల్ల, అత్తమ్మా. ఇద్దరూ మంచిగున్నరు," అని వీరలక్ష్మే కేకేసింది.

జరిగిందంతా తర్వాత తెలిసింది. సక్కుబాయి కట్ట మీది నుంచి తిరిగి పోయి కూడా వీరలక్ష్మిని గడప బయటే నిలబెట్టిందట. లోపలి నుంచి భూలక్ష్మి, "నొప్పులు పడేది నేను. ఆమెను రానియ్యి, లేకుంటే నేనే బయటికొస్త," అందట. సక్కుబాయి గడప దగ్గర నుంచి పక్కకు జరిగింది. బిడ్డ ఏడ్చాక ఆనవాయితీ ప్రకారం చేటలో బియ్యం, రవికెగుడ్డ పెట్టి వీరలక్ష్మికి ఇచ్చింది. మొహం పక్కకు తిప్పుకునే ఇచ్చింది, కానీ తన చేతులతోనే ఇచ్చింది.

అది జరిగిన కొద్ది రోజులకు, తెలతెలవారుతుండగా వాకిట్లో బండి ఆగింది. కిష్టమ్మ అలవాటుగా సంచీ అందుకుని, కొంగు బిగించుకుంటూ బయటికి వచ్చింది. తెల్లాపూర్ నుంచి వచ్చిన రామచంద్రం బండి దిగి దండం పెట్టాడు.

"నువ్వు గాదవ్వా. నా భార్య మీ కోడల్నే తోల్కరమ్మన్నది."

కిష్టమ్మ లోపలికి వెళ్లి కోడల్ని లేపింది, సంచీ చేతికిచ్చింది, బండెక్కేదాకా పక్కనే ఉంది. బండి మలుపు తిరిగాక గడప మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మొగిలి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నువ్వు కోరుకున్నది గిదే గదనే," అన్నాడు.

"గిదే. కోరుకున్నది గిదే," అంది కిష్టమ్మ. "జర ఏడ్వనియ్యి నన్ను."