పేరు చెప్పి వేసిన ఓటు

మా వారు అప్పటికి రెండుసార్లు ఓడిపోయారు. బరంపురంలో ప్లీడరీ చేసుకుంటూ, నలుగురు వకీళ్ళూ ఇద్దరు మేష్టర్లూ తప్ప దిక్కులేని ఓ బుల్లి పార్టీ పెట్టుకుని, జమీందారు గారి మనిషి మీద ఢిల్లీ సభకి పోటీ! "ఈసారీ పోతే ఇంక కోర్టూ ఇల్లూ, అంతే," అన్నారు నాతో. అప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను.

ఆ రోజుల్లో ఆస్తి ఉన్నవాళ్ళకే ఓటు. నాకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం చెక్క ఉంది. మామగారు పోయాక భూమి పట్టా మా అత్తగారి పేర పడింది. ఆ భూములున్న ఊరు కాబట్టి ఇద్దరి ఓట్లూ పురుషోత్తంపూర్‌లోనే. బండి కట్టించుకుని వెళ్ళాం. బడి వరండాలో ఆడవాళ్ళ వరస, అందరికంటే ముందు మా అత్తగారు.

అధికారి కాగితం చూసి, "నీ పెనిమిటి పేరేటమ్మా?" అన్నాడు.

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మొగుడి పేరు పలికితే ఆయనకి ఆయుష్షు తగ్గుతుందని మాకందరికీ నూరిపోసిన మనిషి. మామగారు పోయి ఏళ్ళు గడిచినా ఆ పేరు ఆవిడ నోట పొరపాటునైనా రాలేదు. నేను అందించబోయాను. జమీందారు గారి ఏజెంటు అడ్డొచ్చాడు.

"ఎవులి మొగుడి పేరు ఆళ్ళే సెప్పాల. సెప్పలేనోళ్ళు ఇంటికెల్లిపోండి!" అని ఇకిలించాడు.

వెనక ఇద్దరు ముగ్గురు కొంగులు సర్దుకుని నిజంగానే మళ్ళారు. అవన్నీ మా ఓట్లే! నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తగారిని పక్కకి జరిపి ముందుకెళ్ళాను. నా పాట్లు ఇంకా ఘోరం. చదువు రానివాళ్ళం ఓటెవరికో నోటితో చెబితే అధికారే చీటీ మీద గుర్తు పెట్టేవాడు. మొగుడెవరంటే ఆయన పేరే, ఓటెవరికంటే ఆయన పేరే!

"ఏటే, నా కొడుకు ఆయుష్షు తీసేత్తావేటి?" అంటూ అత్తగారు నా జబ్బ పట్టుకున్నారు.

నిజంగా ఆయనకేమైనా అయితే?

"ఈసారి ఓడిపోతే మీ కొడుకు కోలుకుంతారేటత్తా?" అనేసి, ఇంటిపేరుతో సహా ఆయన పేరు వీధిలోకి వినపడేలా పలికాను. ఓటెవరికన్నాడు అధికారి. మళ్ళీ పలికాను. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

వెనకున్న ఒడియా ఆవిడ "కుహ మా, కుహ!" అంటూ మా అత్తగారిని కూడా చెప్పమని బతిమాలింది. అత్తగారు నన్ను కొరకొరా చూసి, కళ్ళు మూసుకుని, మామగారి పేరు గొణిగారు. గొణిగి ముక్కు చీదుకున్నారు. ఇక ఆ వరండా చూడాలి! మళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. సిగ్గుపడుతూ, ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకుంటూ అందరూ మొగుళ్ళ పేర్లు అప్పజెప్పారు. ఏజెంటు మొహాన కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

గెలిచాం! కొద్ది ఓట్ల తేడాతోనే గెలిచాం, అయితేనేం? బరంపురంలో మా వీధి పట్టనంత జనం, మేళం, దండలు. ఆయన పేరు చెప్పి జై కొడుతుంటే అత్తగారు అరుగు మీదికొచ్చి చెయ్యెత్తారు. మేళం ఆగింది.

"ఆడి పేరొక్కటేనేట్రా? ఆడి బాబు పేరు కూడా అనండి!"

ఏం పేరమ్మా అని ఎవరో అడిగారు. ఆవిడే గొంతెత్తి మామగారి పేరు పలికి, జై కొట్టారు. వీధంతా అందుకుంది.