ఉమాశంకర్ ఫ్యాను విప్పిన రోజు

కొత్తవలస బజారులో ఇనప సామాన్ల కొట్టు నడిపే ఉమాశంకర్‌కి అరవై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. అన్న సూర్యారావుకి నత్తి ఉండేది. వచ్చిన సంబంధాలన్నీ అతని మాట విని వెనక్కిపోయేవి. అన్నకి కాకుండా తానెలా చేసుకుంటానని తమ్ముడు ఆగాడు. అలా ఆగి ఆగి ఇద్దరూ ఉండిపోయారు. కొట్టు వెనక గదిలో ఒకరు అన్నం వారిస్తే ఇంకొకరు పులుసు పెట్టేవారు. పోయిన వర్షాకాలంలో జ్వరం వచ్చి సూర్యారావు చనిపోయాడు.

గల్లాపెట్టె పక్కన వాళ్ల నాన్న కొన్న టేబుల్ ఫ్యాను ఉంది. ఇనప ఒళ్లు, ఇత్తడి రెక్కలు. ఏటా వేసవికి ముందే దాన్ని విప్పి శుభ్రం చేయడం అన్నదమ్ముల పని. ఈసారి ఉమాశంకర్ వాయిదా వేస్తూ వచ్చాడు. ఎండలు ముదిరాక స్విచ్ వేస్తే ఫ్యాను మూలిగిందే గాని తిరగలేదు.

ఒక మధ్యాహ్నం ప్లగ్గు పీకి, దాన్ని నేల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ముందు జాలీ సులువుగానే ఊడింది. రెక్కలను ఇరుసుకి బిగించిన స్క్రూ మాత్రం రాలేదు. తిప్పితే రెక్కలు కూడా కలిసి తిరుగుతున్నాయి. ఒకరు గట్టిగా పట్టుకోవాలి, ఒకరు తిప్పాలి. ఇన్నేళ్లూ అన్నే పట్టుకునేవాడు. మోకాళ్ల మధ్య ఇరికించి చూశాడు. స్క్రూడ్రైవర్ జారి వేలు గీసుకుంది. వేలు నోట్లో పెట్టుకుని గుమ్మం వైపు చూశాడు.

బయట మెట్టు మీద తవిటమ్మ తాటిముంజలు అమ్ముతోంది. ఏళ్లుగా ఆమె కూర్చునేది అక్కడే అయినా ఉమాశంకర్ ఆమెతో మాట్లాడింది తక్కువ.

"తవిటమ్మా, ఒకసారిలా రా."

"ఏటి బావూ?"

"ఈ రెక్కలు కదలకుండా పట్టుకో. నేను స్క్రూ తిప్పుతాను."

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని పట్టుకుంది. "అన్నగారుంటే ఆరే పట్టుకునీవోరు" అంది.

అతను తల దించుకుని బలంగా తిప్పాడు. స్క్రూ కిర్రుమని వదిలింది.

"మీరు బోయినానికెల్తే రోజూ నాతో మాటాడీవోరు" అందామె.

ఉమాశంకర్ తలెత్తాడు. ఇంట్లో అన్న రోజంతా కలిపినా నాలుగు మాటలు ఆడేవాడు కాదు.

"ఏం మాట్లాడేవాడు?"

"ఏటుంటాది బావూ. ఎండ, వాన. మీ మోకాలి నొప్పి. నత్తి కదా, సానాసేపు పట్టీది. నానేటి, కూకుని ఇనీదాన్ని."

ఎవరో ముంజలడిగితే ఆమె వెళ్లిపోయింది. ఉమాశంకర్ పెయింటు బ్రష్షుతో మోటారు దుమ్ము దులిపాడు. ఇరుసు మీద గడ్డకట్టిన పాత నూనెను కిరోసిన్ గుడ్డతో తుడిచాడు. నూనె రంధ్రాల్లో కుట్టుమిషను నూనె చుక్కలుగా వేసి, ఇరుసు తేలిగ్గా ఆడేదాకా వేళ్లతో తిప్పాడు. రెక్కలను చింతపండుతో తోమాడు. బిగించడానికి మళ్లీ తవిటమ్మనే పిలిచాడు.

ఫ్యాను తిరిగింది. కాగితాలు లేచాయి.

సాయంత్రం ఆమె గంప ఎత్తుకుంటుంటే గుమ్మంలోకి వచ్చి, "రేపూ ఎండ గట్టిగానే ఉంటుందేమో" అన్నాడు.

"ఉంటాది బావూ."

ఆమె మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి వెళ్లి ఒక్కడికి సరిపడా బియ్యం కడిగాడు.