మిరప కల్లంలో గొంతు వైద్యం

కరోనా రెండోసారి విజృంభించినప్పుడు చుట్టుపక్కల చెవి, ముక్కు, గొంతు డాక్టర్లు చాలామంది తలుపులు మూసుకున్నారు. వాళ్లని తప్పుపట్టలేం. ఆ జబ్బు కాపురం పెట్టిందే ముక్కులో, గొంతులో. మా ప్రత్తిపాడులో జిన్నింగ్ మిల్లు మొహిద్దీన్ బాషా కూతురు, డాక్టర్ ఖుర్షిదా మాత్రం మొండిది. "గది మూస్తానుగానీ వైద్యం మూయను" అని, ఏసీ గది వదిలి బుల్లయ్య గారి మిరప కల్లంలో కుర్చీ వేయించింది. బస్తాలు ముందురోజే కోల్డ్ స్టోరేజీకి వెళ్లాయి. గాలీ వెలుతురూ కావలసినంత.

మావాళ్ల తెలివి చూడండి! కల్లం ఇచ్చిన బుల్లయ్య గారికీ, ఇక్కడే పుట్టిపెరిగిన డాక్టరమ్మకీ మిరప ఘాటు గుర్తే రాలేదు. పుట్టినప్పటినుంచీ పీలుస్తున్నాం కదా, అదొకటి ఉందనే మరిచిపోయాం. మొదటిరోజే ఎండెక్కేసరికి గాలి లేచి ఎర్రదుమ్ము రేగింది. ఒకరు తుమ్మారు, ఒకరు దగ్గారు, ఆపైన అందరూ. కరోనా వచ్చిపడిందని, చూపించుకోడానికొచ్చిన జనం చెప్పులు వదిలేసి పరుగో పరుగు.

కదల్లేక మిగిలింది ట్రాక్టర్ డ్రైవర్ యలమంద. గొంతులో గడ్డ చీముపట్టి ఉమ్మి కూడా మింగలేకపోతున్నాడు, మాట పెగలడం లేదు. ఊపిరి కష్టంగా తీస్తున్నాడు. గుంటూరులో ఎక్కడికెళ్లినా పడకల్లేవన్నారు. ఇంకాస్త ఆలస్యమైతే ఆ ఊపిరీ ఆడదు.

"మీరూ పొమ్మంటే వీణ్ణెక్కడికి తీసుకెళ్లనమ్మా?" తల్లి సుబ్బరావమ్మ ఏడ్చింది.

"పొమ్మని ఎవరన్నారు పెద్దమ్మా? బుల్లయ్య గారూ, నీళ్ల ట్యాంకర్ తెప్పించండి!"

"ఇప్పుడే తోలుకొస్తానమ్మా!"

కల్లమంతా తడిపితే దుమ్ము అణిగింది. బుల్లయ్య గారు చిటికెడు దూది ఎగరేసి గాలివాటం చూశారు. గాలి తన వీపు వైపునుంచి వచ్చేలా డాక్టరమ్మ కుర్చీ తిప్పించింది. పీపీఈ కిట్టు తొడుక్కుని, నుదుటికి లైటు కట్టి, గొంతులో మొద్దుబారే మందు కొట్టి సూది దించింది. ఇప్పుడు ఎవరు తుమ్మినా సూది కదిలిపోయే ప్రమాదం. సుబ్బరావమ్మ కొంగుతో తన ముక్కు గట్టిగా నొక్కి పట్టుకుంది. సిరంజీలోకి చీము వచ్చింది.

యలమంద ఉమ్మి మింగాడు. కాసేపాగి గ్లాసుడు నీళ్లు తాగాడు. కల్లం గోడ వెనకనుంచి తొంగిచూస్తున్న మాకందరికీ కళ్లు చెమర్చాయి, ఈసారి ఘాటుకి కాదు. అతను మా మీదికి లేచాడు.

"ఒరేయ్! నన్నొదిలేసి పారిపోతార్రా? రండ్రా, చూపించుకోండి!"

జనం సిగ్గుపడుతూ వచ్చి ఎడంఎడంగా వరసలో నిలబడ్డారు. డాక్టరమ్మ ఆ వేసవంతా ఆ కల్లంలోనే వైద్యం చేసింది.

"గొంతుకి విశ్రాంతివ్వు, అరవకు" అని ఆమె ఆరోజు యలమందని కసిరింది.

"ఈ ఒక్కసారికి అరవనివ్వమ్మా," అంది సుబ్బరావమ్మ, "నన్ను విననివ్వు."