తిరిగిరాని రుసుము

పంజకెంత్ బజారులో, బట్టల కొట్ల వెనక, సనవ్బర్‌ది ఒక కుట్టుమిషను పట్టేంత చోటు. పదేళ్ళు బడిలో లెక్కలు చెప్పింది. జీతం చాలక మానేసి ఇక్కడ విమానం టిక్కెట్లు అమ్ముతోంది. ఊళ్ళో అందరి దగ్గరా ఉండేవి నోట్లు; విమాన కంపెనీలకి నోట్లు పనికిరావు. జనం నోట్లు ఆమెకిస్తారు, ఆమె తన కార్డుతో కడుతుంది.

టిక్కెట్టు ధర కింద ఎప్పుడూ మరో రెండు వరుసలుంటాయి: బుకింగ్ రుసుము, కార్డు రుసుము. ప్రయాణం మానుకున్నా ఆ రెండూ తిరిగిరావు. ఈ సంగతి ప్రతి ఒక్కరికీ ముందే చెబుతుంది. అయినా బేరం తప్పదు.

అక్టోబరులో నెక్రూజ్ కూడా బేరమాడాడు. ఇరవై రెండేళ్ళవాడు, తాపీపనికి దేశం దాటి యెకతెరిన్‌బుర్గ్ వెళ్తున్నాడు. విమానం ఖుజంద్ నుంచి; అక్కడిదాకా టాక్సీలో కొండలు దాటి వెళ్ళాలి.

"మీ కార్డు పులావు తింటుందా ఆపా, దానికో వాటా?"

"తినదు. కొరుకుతుంది."

నవ్వి, డబ్బిచ్చి వెళ్ళాడు.

అతను ఊరు విడిచిన పన్నెండు రోజులకి విమాన కంపెనీ నుంచి సనవ్బర్ ఫోనుకి కబురొచ్చింది. ప్రయాణికుడు విమానం ఎక్కలేదు. విమానాశ్రయం పన్ను రెండు వందల పది సోమోనీలు వెనక్కి వేశారు. చెప్పకుండా మానుకున్నందుకు టిక్కెట్టు ధర రాలేదు; రుసుములు ఎలాగూ రావు.

డబ్బు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. అతని తల్లి బీబీసోరా తందూరులోంచి రొట్టెలు తీస్తోంది. ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందని, వాడు ప్రతి శుక్రవారం ఫోను చేస్తూనే ఉన్నాడని చెప్పింది. డబ్బు ముట్టుకోలేదు. వేడి రొట్టె ఒకటి చేతిలో పెట్టి పంపించేసింది.

మర్నాడు సనవ్బర్ కంపెనీకి ఫోను చేసింది. ఆ సీటు ఖాళీగానే వెళ్ళిందనీ, దానికి పెట్టిన భోజనం కూడా వెనక్కి వచ్చిందనీ అక్కడి అమ్మాయి చెప్పింది.

ఫిబ్రవరిలో బీబీసోరా కొట్టుకి వచ్చింది. ఆవును అమ్మేసిందట. రుమాలు విప్పి నోట్లు బల్ల మీద పెట్టి, వాడికి ఇంటికి టిక్కెట్టు తీయమంది.

ఆవు పోయింది. ఈ నోట్లూ పోతే ఆమెకి ఇంకేం లేదు. కంపెనీ అమ్మాయి చెప్పిన మాట ఇంకా దాచడం తప్పు అనిపించింది సనవ్బర్‌కి.

"ఖోలా, అది పొరపాటు కాదు. వాడు విమానమే ఎక్కలేదు."

"తెలుసు బిడ్డా."

నెక్రూజ్‌ని ఎక్కించుకెళ్ళిన టాక్సీ డ్రైవరు, అతను బయలుదేరిన వారమే వచ్చి చెప్పాడట. ఖుజంద్ దారిలో శహ్రిస్తాన్ సొరంగం లోపల బళ్ళు ఆగిపోయాయి. ఏమైందో చూసొస్తానని నెక్రూజ్ దిగి ముందుకు నడిచాడు. బళ్ళు కదిలాక చూస్తే అతను లేడు. సొరంగానికి రెండు చివరలా కావలివాళ్ళున్నారు. నడిచి బయటికి వచ్చినవాళ్ళు ఎవరూ లేరన్నారు. ఈ మాట పైకి పొక్కితే ఊరంతా వచ్చి, పోయినవాళ్ళకి చదివే ఫాతిహా చదివేస్తుందని బీబీసోరా ఎవరికీ చెప్పలేదు.

బీబీసోరా కొట్టుకి వచ్చిన ఆ రోజు శుక్రవారం. ఆమె ఫోను మోగింది. తను మాట్లాడకుండా సనవ్బర్ చేతికిచ్చింది.

"ఎక్కడున్నావు నెక్రూజ్?"

"లోపలే ఆపా. నడుస్తున్నాను." గొంతులో ఆయాసం లేదు. చుట్టూ ఏ చప్పుడూ లేదు. "చాలామందిమి ఉన్నాం. టిక్కెట్టు ఉన్నవాళ్ళని బయటికి వదులుతున్నారు."

ఎవరు వదులుతున్నారని అడిగేలోపు లైను తెగిపోయింది.

సనవ్బర్ టిక్కెట్లు తీసే పేజీ తెరిచింది. పేరు, పాస్‌పోర్టు నంబరు కొట్టింది. చేరే చోటు ఖుజంద్. బయలుదేరే చోటు దగ్గర ఏం రాయాలో తెలియక వదిలేసింది. అది నింపకపోతే పేజీ ఎప్పుడూ ముందుకి కదలదు. ఇవాళ కదిలింది.

టిక్కెట్టు ధర దగ్గర సున్నా. కింద బుకింగ్ రుసుము, కార్డు రుసుము, రోజూ ఉన్నట్టే. రాక ఈ సాయంత్రం.

ఎంతయిందని బీబీసోరా అడిగింది. సనవ్బర్ చెప్పింది. ఆమె అంతే లెక్కపెట్టి ఇచ్చి, మిగతా నోట్లు రుమాల్లో ముడేసుకుంది. సనవ్బర్ వేలు మీట మీద కాసేపు ఆగింది. తర్వాత నొక్కింది.

మధ్యాహ్నమే తలుపు దించేసి, ఇద్దరికీ ఖుజంద్ వెళ్ళే కారు మాట్లాడింది. వచ్చేటప్పుడు ఇంకో సీటు ఖాళీగా ఉంచాలంది. ఆ కారు డ్రైవరు దానికి కూడా డబ్బు ముందే అడిగాడు. ఆమె ఇచ్చేసి, బీబీసోరా పక్కన కూర్చుంది.